నా మోకాళ్ల మీద కమిటీ

ముగ్గురు మగవాళ్లు నా మోకాళ్ల గురించి చర్చ పెట్టుకుంటే, వాళ్లకు చాయ్ పెట్టి తీసుకెళ్లింది నేనే. ఒకరు మా సారు వీరేందర్, నా భర్త, జనగామలో సర్కారు బడి పంతులు. ఇంకొకరు ఆయన స్నేహితుడు యాకయ్య, అదే బడిలో పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ. మూడోవాడు నా మరిది లక్ష్మణ్. హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి ఫోన్లోంచి మాట్లాడుతున్నాడు. ఆ ఫోనుకు స్పీకర్ పెట్టి టీపాయ్ మీద బిస్కెట్ల పక్కన పడుకోబెట్టారు. మోకాళ్లు మాత్రం నావి. వాటిని ఎవరూ కూర్చోమనలేదు.

"నడిచే మిషనే కరెక్ట్ అన్నా. మా అపార్ట్‌మెంట్ల అందరి ఇండ్లల్ల గదే ఉన్నది," అంటున్నాడు ఫోన్లో లక్ష్మణ్.

"నేను గూడ గదే అంటున్న. నడకను మించింది లేదు. వదినకు జర బరువు గూడ దిగుతది," అన్నాడు యాకయ్య.

"నాకు బరువు బాధ కాదు, నొప్పి బాధ," అన్నాను నేను.

"గదే, గదే," అన్నాడు యాకయ్య, బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ.

ఈ నొప్పి ఎక్కడిదో చెప్పాలి. పెళ్లయిన ఏడాదికే ఇంటి ముందుగదిలో కుట్టు మిషన్ వేసుకున్నాను. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫాంలు, పెళ్లి బట్టలు. పాతికేళ్లుగా మిషన్ తొక్కీ తొక్కీ ముందు నడుము పట్టేసింది, ఆ తర్వాత మోకాళ్లు. కింద కూర్చుంటే లేవలేను. మోటారు బిగించుకోమన్నారు కొందరు. బిగించుకుంటే కరెంటున్న గంటలకే పని, మా దగ్గర కరెంటు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మా సారు మాత్రం చాలా తేలికైన ఉపాయం చెప్పాడు. "దుకాణం బందు వెట్టు. నా జీతం సరిపోతలేదా?" అన్నాడు. సరిపోతుంది. కానీ ఆ వీధిలోకి వచ్చినవాళ్లు తిరుమలక్క ఇల్లెక్కడ అని అడుగుతారు గానీ వీరేందర్ సారు ఇల్లెక్కడ అని అడగరు. ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ దుకాణం ఒక్కటే. దాన్ని మూసుకునే మాటే లేదు.

శిరీష అని మరిపెడ దగ్గర తండా పిల్ల, ఫిజియోథెరపీ చదివి మా ఊళ్లో ఒక చిన్న దవాఖానలో పనిచేస్తుంది. నా మోకాళ్లు పట్టి చూసి ఆ పిల్ల ఒకటే మాట చెప్పింది. "అక్కా, నీకు నడక పడది. అడుగేసినప్పుడల్ల బరువంత మోకాలి మీదనే పడుతది. కూసొని లాగే మిషన్ ఉంటది, రోయింగ్ మిషన్ అంటరు. పడవల తెడ్డేసినట్టు. పాదాలు పలక మీద ఆనిచ్చి కాళ్లతోని నూకాలె, చేతులతోని లాగాలె. నొప్పి పుట్టే కాడికి మోకాలు వంచొద్దు, దానికి ముంగటనే ఆగాలె. గట్ల చేస్తే తొడలల్ల బలమొస్తది, మోకాలి మీద బరువు తగ్గుతది."

చెప్పి ఊరుకోలేదు. హన్మకొండలో తను పని నేర్చుకున్న చోట ఆ మిషన్ ఉందని ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పోయింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చున్నాను. సీటు పట్టా మీద వెనక్కీ ముందుకీ జారుతుంటే మొదట భయమేసింది. కాసేపటికి వెన్నులో ఏళ్లుగా ముడిపడి ఉన్నదేదో విప్పుకున్నట్టయింది. నాలుగైదు ఆదివారాలు పోయాక మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశాను. అప్పుడు నిర్ణయించుకున్నాను, నా కుట్టు డబ్బులతో అలాంటిది ఒకటి ఇంట్లో పెట్టుకుంటానని. ఆ మాట మా సారు చెవిన వేశాను. అదే నేను చేసిన తప్పు.

ఎందుకంటే అది తెలంగాణ ఉద్యమకాలం. ఆ ఏడు మా సారు నోట్లో కమిటీ అనే మాట తప్ప ఇంకోటి లేదు. ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది, ఊరూరా తిరిగింది, చివరికి ఒక్క మాట తేల్చకుండా ఆరు దారులు రాసిపెట్టి పోయింది. మా బతుకు మీద ఫైసలా చెయ్యడానికి మీరెవరని మా సారు చౌరస్తా శిబిరంలో మైకు పట్టి గొంతు చించుకునేవాడు. ఇంటికొచ్చి నా మోకాళ్ల మీద తనే కమిటీ వేశాడు. ఢిల్లీ కమిటీ ఏం చేసిందో గానీ, కనీసం జనాన్ని అడగనైతే అడిగింది.

మా అత్తమ్మ భాగ్యమ్మ కమిటీలో లేదు, అయినా అభిప్రాయం చెప్పింది. "చెర్లల్ల నీళ్లు లేకపాయె, వాగుల నీళ్లు లేకపాయె. నడింట్ల పడవ నడుపుతదట," అని నవ్వింది. "మేం ఇసుర్రాయి ఇసిరినం, రోకలి దంచినం. మాకే మిషన్లు వెట్టిన్రు?" ఆమె నడుము ఇప్పుడు సగానికి వంగి ఉంటుంది. ఆ మాట నేను అనలేదు.

వారం తిరగకుండా హన్మకొండలో వ్యాయామ సామాన్లమ్మే పెద్ద షాపుకు పోయాం. మా సారు, యాకయ్య ముందు, వెనక నేను. అక్కడ లాగే మిషన్లు మూడు రకాలున్నాయి. ఒకదాంట్లో ఫ్యాన్ చక్రం ఉంది, లాగితే ఇల్లంతా హోరెత్తుతుంది. ఇంకోటి పొట్టిది, రెండు వైపులా రెండు కడ్డీలు, పట్టా మూరెడే ఉంది. మూడోది అయస్కాంతం మీద నడుస్తుంది, చప్పుడు లేదు, పట్టా పొడుగు, కాళ్లు పూర్తిగా చాపుకోవచ్చు. మూడింటి మీదా కూర్చుని లాగి చూశాను. కుట్టు మిషనైనా తొక్కి చూడకుండా కొనే అలవాటు నాకు లేదు.

"లే తిరుమలా, అందరు చూస్తున్నరు," అన్నాడు మా సారు మెల్లగా.

"చూడనియ్. ఇగో, గీ పొడుగుది కావాలె నాకు," అన్నాను.

షాపు కుర్రాడు నా వైపు తిరగలేదు. "సార్, ఇవి స్పోర్ట్స్ వాళ్లకి సార్. మేడమ్‌కి కష్టం. లేడీస్ అందరూ ట్రెడ్‌మిల్లే తీసుకుంటారు," అని మా సారుకు చెప్పాడు. నేను ఆయన భుజానికి వేలాడుతున్న సంచీని అనుకున్నాడేమో.

"అది కరెంటు మీద నడుస్తది," అన్నాను మా సారుతో. "రేపు సమ్మె మొదలైతే కరెంటు యాడికెల్లొస్తది? భూపాలపల్లిల పోశయ్య బావ ఏమన్నడు? బొగ్గు పెళ్ల గూడ బయటికి రానియ్యమన్నడు గద." పోశయ్య మా అక్క భర్త, సింగరేణి బావిలో పని చేస్తాడు.

"గంత దూరం పోదు తియ్."

"ఊర్లన్ని చీకటైతయని మొన్న మైకుల నువ్వే అంటివి."

"గది మైకు," అన్నాడు మా సారు.

ఇక ఏం మాట్లాడతాం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా డబ్బులతో ట్రెడ్‌మిల్ కొని ట్రాలీ ఆటో ఎక్కించారు. ఇంటికి రాగానే అత్తమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కట్టింది. యాకయ్య ఎక్కి నాలుగడుగులు నడిచి, "వదినా, ఇగ నీ కష్టాలు పోయినట్టే," అన్నాడు. నేను లోపలికి వెళ్లి కత్తెర చేతపట్టి ఎవరిదో జాకెట్టు గుడ్డ వంకరగా కత్తిరించాను. అంత కోపం వచ్చింది.

పెద్దవాళ్ల మాట కాదన్నానని రేపు అనకూడదని ఒక్కరోజు దాని మీద నడిచాను. సాయంత్రానికి కుడి మోకాలు పొంగింది. శిరీష వచ్చి ఐసు పెట్టి, "అక్కా, నేనొకటి చెప్తే నువ్వొకటి కొన్నవా," అంది. కొన్నది నేను కాదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. కొనేవాళ్లకు లేని సిగ్గు నాకెందుకో.

సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, పోశయ్య బావ చెప్పినట్టే బొగ్గు ఆగింది. ఇంకేం, కరెంటు పోయింది. పొద్దున కాసేపు, మాపటికి కాసేపు కళ్లు తెరిచి మళ్లీ మూసుకునేది. ట్రెడ్‌మిల్ ముందుగదిలో అడ్డంగా పడి ఉంది. కుట్టిన బట్టలు దాని పిడికి తగిలించుకున్నాను. అత్తమ్మ దాని పట్టా మీద పెసర్లు ఆరబోసింది. అటు దుకాణం పని సగానికి పడిపోయింది, సమ్మె వల్ల కాదు, నేను తొక్కలేక. బతుకమ్మ బట్టలు తెచ్చినవాళ్లను చేయలేనని తిప్పి పంపుతుంటే ఒక్కొక్కరి వెనకా నా పేరు కూడా గడప దిగి పోతున్నట్టుండేది.

ఒక పొద్దున కరెంటు వచ్చింది. బడి లేదు, శిబిరానికి ఇంకా టైముంది. మా సారు పెసర్లు ఎత్తించి, "ఎంత మంచి మిషన్, ఊకె పెట్టిన్రు. ఎట్ల నడవాలో చూపిస్త చూడు," అని ఎక్కాడు. మెల్లగా మొదలుపెట్టి ఉరకడం దాకా వచ్చాడు. వెనక్కి తిరిగి నాతో ఏదో చెప్పబోతుండగా కరెంటు పోయింది. పట్టా టక్కున ఆగింది, ఆయన ఆగలేదు. గడ్డం వెళ్లి ముందున్న కడ్డీకి కొట్టుకుని చీలింది. పసుపు అద్ది, గుడ్డ కట్టాను. కడుతున్నంతసేపూ ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండడానికి నేను పడిన కష్టం దేవుడికి తెలుసు.

అంతటితో అయిపోతే ఈ కథ చెప్పేదాన్ని కాదు.

ఆ మర్నాడు హైవే మీద కార్యక్రమం. ఉద్యమంలో అదొక పద్ధతి, ఎవరి పని వాళ్లు రోడ్డు మీదకు తెచ్చి చేసేవాళ్లు. మంగలి వాళ్లు రోడ్డు మీదే గడ్డాలు గీశారు, చాకలి వాళ్లు ఇస్త్రీ చేశారు, పంతుళ్లు పలకలు పట్టి పాఠాలు చెప్పారు, ఆడవాళ్లు మూడు రాళ్లు పెట్టి వంట చేశారు. "నీ కుట్టు మిషన్ గూడ తే. పేపరోళ్లొస్తరు," అన్నాడు మా సారు. దుకాణం బందు పెట్టమన్న మనిషే. సరే, ఉద్యమం నాది కూడా. ఆటోలో మిషన్ వేయించుకుని పోయి, తారు మీద ఎండలో కూర్చుని, నొప్పితో పళ్లు బిగబట్టి జెండా గుడ్డ కుడుతున్నాను.

అప్పుడు యాకయ్య మైకందుకున్నాడు. "మన వీరేందర్ సారును చూడున్రి. గా కట్టు చూడున్రి. ఉద్యమంల నెత్తురు ధార వోసిన మనిషి," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. లాఠీ దెబ్బనుకున్నారు. ఎవరో పూలదండ తెచ్చి మెడలో వేశారు. కాదు అంటాడేమోనని మా సారు వైపు చూశాను. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. ఒళ్లంతా మండింది. నిజంగా దెబ్బలు తిన్న పిల్లలు ఆ గుంపులోనే ఉన్నారు. వాళ్ల ముందు ఈయన దండ వేయించుకుంటాడా? లేచి, కుంటుకుంటూ వెళ్లి యాకయ్య చేతిలోంచి మైకు తీసుకున్నాను. ఆడమనిషి పాట పాడుతుందనుకుని జనం ముందుకు జరిగారు.

"మా సారుకు తాకింది లాఠీ కాదు," అన్నాను. "నడిచే మిషన్. కరెంటు పోతే పడ్డడు. గది నా మోకాళ్ల కోసం తెచ్చిన్రు. నడిస్తే నొప్పైతది, కూసొని లాగేది కావాలెనని నేను చెప్పిన. పైసలు నావే, కాళ్లు నావే. అయినా ముగ్గురు మొగోళ్లు కూసొని ఫైసలా చేసిన్రు. కరెంటు బందైతదని గీ మైకుల చెప్పినోళ్లే కరెంటు మిషన్ కొన్నరు. మన బతుకు మీద ఇంకోడి పెత్తనమేందని రోజు అడుగుతున్నం గద. నేను గూడ గదే అడుగుతున్న. జై తెలంగాణ."

మైకులో ఆ మాట వినపడగానే అందుకోవడం అందరికీ అలవాటైపోయింది. మూడు రాళ్ల దగ్గరున్న ఆడవాళ్లు అందరికంటే గట్టిగా అందుకున్నారు. మా సారు నోరు కూడా దానంతట అదే అంది. తర్వాత మెడలో దండ తీసి చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక, "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవు," అన్నాడు.

"ఇంట్ల చెప్తే విన్నవా మరి?" అన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు ఇంట్లో గెలవడానికి దారి లేక రచ్చకెక్కాను. సమ్మె జరిగినన్నాళ్లూ మా ఇద్దరి మధ్య అన్నం, నీళ్లు, ఉప్పు తప్ప మాటలు లేవు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి. ఒకరోజు నేను శిరీష దగ్గరికి పోయి వచ్చేసరికి ముందుగదిలో ట్రెడ్‌మిల్ లేదు. దాని జాగాలో లాగే మిషన్ ఉంది. పక్కన మా సారు, మొహం వెలిగిపోతూ. తనే ట్రాలీలో వేసుకుపోయి మార్చుకొచ్చాడట.

"నువ్వే గెలిచినవు తియ్. కూసో," అన్నాడు.

చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా కూర్చున్నాను. కాళ్లు సగం చాచగానే సీటు పట్టా చివరికి తగిలింది. ముందుకు వస్తే మోకాళ్లు సరిగ్గా నొప్పి పుట్టే చోటికి ముడుచుకున్నాయి. మూరెడు పట్టాది, కడ్డీలది.

"నేను చెప్పింది పొడుగుది," అన్నాను.

"రెండు ఒక్కటేనన్నడు షాపాయన. ఇదైతే జాగ తక్కువ. మలిచి మంచం కిందికి నూకొచ్చు."

"నాకో ఫోన్ చెయ్యకపోతివా?"

"నీకు చెప్పకుంట తెద్దామనుకున్న. ఖుష్ అయితవని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటిసారి ఆయన నా మాట వినలేదు. రెండోసారి విన్నాననుకున్నాడు. నాకు ఎక్కువ మండింది ఈ రెండోసారే. వినని మనిషితో పోట్లాడవచ్చు, మైకు లాక్కోవచ్చు. ప్రేమతో చెవులు మూసుకున్నవాడిని ఏం చేయాలి? ఆయన మొహంలో ఆ సంతోషం వాడిపోతుంటే నాకే జాలేసింది, జాలేసినందుకు నా మీద నాకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోను నేనే పిలిపించి ఆ మిషన్ ఎక్కించాను. మా సారు గడ్డం మీద మచ్చ తడుముకుంటూ గడపలో నిలబడి, "నేను రావాల్నా?" అన్నాడు.

"వద్దు."

"వాడు మోసం చేస్తడేమో…"

"పోనియ్ రా," అంది లోపలి నుంచి అత్తమ్మ. "చెప్పు కొనేటప్పుడు కాలు పోవాలె గని, తలకాయ పోయి ఏం జేస్తది." నేను ఆగి ఆమె వైపు చూశాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

షాపులో అదే కుర్రాడు. నన్ను చూసి నా వెనక చూశాడు. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. రాలేదన్నాను. పొట్టిది వెనక్కి తీసుకుని పొడుగుది ఇమ్మన్నాను. శిరీష నేర్పినట్టు పాదాలకు పట్టీలు బిగించి, దాని మీద కూర్చుని లాగి చూపించాను. సీటు నా కాళ్ల పొడవునా జారి వెళ్లింది, ఎక్కడా తగల్లేదు.

"ఓకే మేడమ్. ఒక్క నిమిషం, సార్‌ని ఒకసారి కనుక్కుంటాను," అని జేబులోంచి ఫోను తీశాడు.

వద్దని అరవబోయాను. ఇంత దూరం వచ్చి, నా కాళ్లు దాని మీద పెట్టి, నా నోటితో చెప్పాక కూడా ఈ పిల్లవాడికి మా సారు గొంతు కావాలి. అప్పటికే ఫోను మోగుతోంది, ఎత్తారు.

"సార్, మేడమ్ వచ్చారు. మళ్లీ మార్చమంటున్నారు. పెద్దది అడుగుతున్నారు. ఏం చేయమంటారు సార్?"

మా సారుది బడి గొంతు, ఫోన్లో కూడా తగ్గదు. అయినా చెవులు రిక్కించాను. జాగ తక్కువ అంటాడు, రెండూ ఒక్కటే అంటాడు, నేను వస్తున్న ఆగమంటాడు అని ఒక్కొక్కటే అనుకుంటున్నాను. ప్రతిదానికీ జవాబు నా నాలుక చివరనే ఉంది.

"ఆమె నీ ముంగటనే ఉన్నదా?" అన్నాడు మా సారు.

"ఉన్నారు సార్."

"మరి నన్నెందుకు అడుగుతున్నవు బిడ్డా? ఆమెనడుగు."

ఫోను పెట్టేశాడు. ఈ మాట ఆయన నోట్లోంచి రావడానికి ఒక సమ్మె, ఒక దెబ్బ, రెండు తప్పుడు మిషన్లు పట్టాయి. నా కోపమేమీ పోలేదు, అది నిజం. అయినా పిడి వదిలి, సీటు మీద నిటారుగా కూర్చున్నాను.

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "చెప్పండి మేడమ్, మీకేది కావాలి?" అన్నాడు. వానాకాలం నుంచి చెప్తున్న మాటే నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను, అతడు నా ముఖం చూస్తూ విన్నాడు.